పనికిరాని ప్రాణి లేదు: ముసలి చించిల్లా సేవలో ధమ్మం





వినయ పిటకంలోని మహావగ్గంలో ఒక సంఘటన ఉంది. మీలో చాలామంది వినే ఉంటారు. అయినా మళ్లీ చెప్పుకుందాం. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేదంతా దానిమీదే నిలబడి ఉంది.

ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకున్నాయి. లేచే ఓపిక లేక తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. భగవానుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని భిక్షువుల నివాసాలు చూస్తూ అటుగా వచ్చాడు. నిన్ను చూసుకునేవాళ్లు ఎవరూ లేరా అని అడిగాడు. లేరన్నాడు ఆ భిక్షువు. ఎందుకు లేరు అని అడిగితే, తాను తోటి భిక్షువులకు ఏ పనికీ ఉపయోగపడడం లేదనీ, అందుకే వాళ్లు తనను పట్టించుకోవడం లేదనీ చెప్పాడు. బుద్ధుడు ఆనందుడి చేత నీళ్లు తెప్పించాడు. ఆయన నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టుకుని లేపి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాత సంఘాన్ని పిలిచి, ఇక్కడ మీకు తల్లీ తండ్రీ లేరు కదా, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు అని మందలించాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయాలని చెప్పాడు.

ఈ సంఘటనలో ఆగి చూడవలసిన మాట ఒకటుంది: "ఉపయోగపడడం లేదు." ఆ భిక్షువును వదిలేసినవాళ్లు దుర్మార్గులు కారు. శీలం తీసుకున్నవాళ్లే. వాళ్ల మనసులో ఉన్నది ఒక చిన్న లెక్క మాత్రమే. నాకు పనికొచ్చేవాడికి నేను పనికొస్తాను, లేనివాడి సంగతి నాకెందుకు? ఈ లెక్క మనందరి ఇళ్లలోనూ ఉంది. ముసలి ఎద్దు విషయంలో ఉంది, పాలివ్వని గేదె విషయంలో ఉంది. చెప్పుకోవడానికి నోరు రాదుగానీ, మంచం పట్టిన పెద్దవాళ్ల విషయంలో కూడా ఉంది.

ఒక ఉపాసిక అడిగిన ప్రశ్న

అమెరికాలో స్థిరపడిన ఒక తెలుగు ఉపాసిక ఫోనులో ఇలా అడిగింది: "అన్నయ్యా, మా ఊళ్లో దిక్కులేని జంతువుల్ని ఉంచే షెల్టర్ ఉంది. అక్కడ పన్నెండేళ్ల చించిల్లా ఒకటుంది. ఎవరో పెంచుకుని వదిలేశారట. పిల్ల చించిల్లాలనైతే వచ్చినవాళ్లు వచ్చినట్టు తీసుకెళ్తున్నారు, దీన్ని మాత్రం ఎవరూ అడగడం లేదు. తెచ్చుకుందామని మనసవుతోంది. కానీ ఎన్నాళ్లు బతుకుతుందో తెలియదు. చచ్చిపోతే పిల్లలు తట్టుకోలేరని మా ఆయన అంటున్నారు. ధమ్మం ప్రకారం ఏం చేయాలి?"

చించిల్లా అంటే మనలో చాలామందికి తెలియదు. ఉడతకంటే పెద్దది, కుందేలుకంటే చిన్నది. గుండ్రటి చెవులు, కుచ్చులాంటి తోక, అరకిలో అటూ ఇటూ బరువు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో, చలి ఎక్కువగా ఉండే ఎండు రాతినేలల్లో పుట్టిన జంతువు. పగలు నిద్రపోతుంది, సాయంత్రం దాటాక లేస్తుంది. బాగా చూసుకుంటే ఇళ్లలో పది నుంచి ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పదేళ్ల పిల్లవాడు ముచ్చటపడి కొనిపించుకున్న ప్రాణి, వాడు కాలేజీకి వెళ్లిపోయాక కూడా బతికే ఉంటుంది. ముచ్చట తీరిపోతుంది, ప్రాణం మాత్రం మిగులుతుంది. అలా మిగిలినవే షెల్టర్లకు చేరుతున్నాయి.

అది పంజరంలోకి ఎలా వచ్చింది?

దుఃఖం ఉంది, దుఃఖానికి కారణం ఉంది అన్నాడు బుద్ధుడు. ఈ ప్రాణి దుఃఖానికి కారణం ఏమిటో చూద్దాం.

చించిల్లా బొచ్చు చాలా మెత్తన, చాలా దట్టం. ఒక్కొక్క కుదురు నుంచి పదుల సంఖ్యలో వెంట్రుకలు వస్తాయి. ఆండీస్ చలిని తట్టుకోవడానికి ప్రకృతి ఇచ్చిన దుప్పటి అది. ఆ దుప్పటే దాని మెడకు ఉరి అయింది. యూరప్, అమెరికా ధనవంతులకు ఆ బొచ్చుతో కుట్టిన కోటు మీద మోజు పుట్టింది. ఒక నిండు కోటుకు వందకు పైగా ప్రాణులు కావాలి. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి కొండలకు కొండలే ఖాళీ అయ్యాయి. 1910లో చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా దేశాలు ఈ వేటను ఆపాలని ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. 1923లో మథియాస్ చాప్‌మన్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజనీరు చిలీ నుంచి డజనుకు మించని చించిల్లాలను కాలిఫోర్నియాకు తీసుకెళ్లాడు. అక్కడ వాటిని పెంచి బొచ్చు అమ్మే పరిశ్రమ మొదలైంది. ఈ రోజు అమెరికా ఇళ్లలో ఉన్న చించిల్లాల్లో ఎక్కువ భాగం ఆ కొద్దిపాటి ప్రాణుల సంతానమే అంటారు. అడవిలో ఉన్నవి మాత్రం ఇప్పటికీ అంతరించిపోయే ప్రమాదంలోనే ఉన్నాయి. వాటి కోసం చిలీ ప్రభుత్వం 1983లో ఇల్లాపెల్ దగ్గర ఒక రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసింది.

చూశారా, తృష్ణ అంటే ఏదో మనసులో దాక్కున్న సూక్ష్మమైన సంగతి అనుకుంటాం. ఒకరి ఒంటి మీద కోటు కావాలన్న కోరిక, వేల మైళ్ల అవతల కొండలను ఖాళీ చేసింది. తృష్ణకు కాళ్లున్నాయి, ఓడలున్నాయి, వ్యాపారం ఉంది.

ఇక్కడే కొందరు ఇంకో మాట అంటారు: "దాని పూర్వకర్మ అది అనుభవిస్తోంది, మధ్యలో మనం ఎందుకు?" ఇది బుద్ధుడి మాట కాదు. మనిషి అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలమేనా అని మోళియ సీవకుడు అడిగినప్పుడు బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు, సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు, ఇలా బాధకు ఎనిమిది కారణాలు చెప్పి, కర్మఫలాన్ని వాటిలో ఒకటిగా మాత్రమే లెక్కపెట్టాడు. పంజరంలో కూర్చున్న ముసలి ప్రాణి బాధకు కారణం మనుషుల నిర్లక్ష్యమని కళ్లకు కనిపిస్తుంటే, కర్మ పేరు చెప్పి తప్పుకోవడం ధమ్మం కాదు. అది బద్ధకానికి వేసిన కాషాయం.

కొనడం వేరు, చేరదీయడం వేరు

ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాలు బుద్ధుడు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ఇందులో 'సత్త' అన్న మాటకు అట్ఠకథ మనుషుల అమ్మకం అని అర్థం చెప్పింది. కానీ ఆ పదానికి ప్రాణి అనే అర్థం ఉందని మనందరికీ తెలుసు. దుకాణంలో పిల్లను కొంటే ఆ స్థానంలోకి ఇంకో పిల్ల వస్తుంది. దాని తల్లి ఇంకోసారి ఈనాలి. షెల్టర్ నుంచి ముసలిదాన్ని తెచ్చుకుంటే ఏ తల్లి మీదా బరువు పడదు. ఒక పంజరం ఖాళీ అవుతుంది, ఇంకో దిక్కులేని ప్రాణికి చోటు దొరుకుతుంది. చూడటానికి రెండూ ఒకటే, రెండు ఇళ్లలోనూ చించిల్లా ఉంటుంది. కానీ ఒకటి తృష్ణకు గిరాకీ ఇస్తుంది, ఒకటి దాన్ని తగ్గిస్తుంది.

పంచశీలను మహాదానం అని కూడా అన్నాడు బుద్ధుడు. ప్రాణం తీయనని శీలం తీసుకున్నవాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయం ఇస్తున్నాడు. ఆ అభయం మాటలో ఉంటే సరిపోదు. ఇల్లు మారి, మనుషులు మారి, చేతులు మారి బెదిరిపోయిన ఒక ముసలి ప్రాణికి, ఇక నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు అని చేతలతో చెప్పడం కూడా అభయదానమే.

సేవకుడికి ఉండవలసిన ఐదు గుణాలు

మనసు మెత్తబడినంత మాత్రాన సేవ చేయడం రాదు. అందుకే రోగికి సేవ చేసేవాడికి ఉండవలసిన ఐదు గుణాలు బుద్ధుడు విడివిడిగా చెప్పాడు. ముసలి చించిల్లా దగ్గర ఈ ఐదూ ఎలా ఉంటాయో చూద్దాం.

మొదటిది, మందు సిద్ధం చేయగలగడం. అంటే చేతకావాలి. చించిల్లాను అందరు పశువైద్యులూ చూడలేరు. చిన్న ప్రాణుల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరలో ఉన్నాడా, ఖర్చు భరించగలమా అని తెచ్చుకోకముందే చూసుకోవాలి. వయసు పైబడినప్పుడు పళ్ల జబ్బులు, కీళ్ల నొప్పులు, కంట్లో శుక్లం, గుండె జబ్బు రావచ్చు. తిండి మానేసినప్పుడు, గడ్డిపొడిని నీళ్లలో కలిపి సిరంజితో నోటి పక్కనుంచి కొంచెం కొంచెంగా తాగించడం నేర్చుకోవాలి. పసిబిడ్డకు ఉగ్గు పెట్టినట్టు పెట్టాలి. తొందరపడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రెండోది, ఏది పడుతుందో ఏది పడదో తెలియడం. పడేది దగ్గరికి తేవాలి, పడనిది దూరం చేయాలి. ఐదింటిలోనూ ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ప్రేమ ఉంటుంది, తెలివిడి ఉండదు.

చించిల్లాకు ఎప్పుడూ అందుబాటులో ఉండవలసింది ఎండుగడ్డి. అక్కడ తిమోతి గడ్డి అని దొరుకుతుంది. దాని పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి, కడుపు కూడా ఆ పీచుతోనే నడుస్తుంది. పెల్లెట్లు రోజుకు ఒకటి రెండు చెంచాలు చాలు. ఎండుద్రాక్ష, జీడిపప్పు, గింజలు, తీపి బిస్కెట్లు చేతిలోంచి లాక్కుని తింటుంది. తింటోంది కదా అని పెట్టామా, కడుపు చెడిపోతుంది. మన పండగ పళ్లెంలోది దానికి పెట్టడం దానం కాదు.

వేడి అస్సలు పడదు. దానికి చెమట పట్టదు. పదహారు నుంచి ఇరవై ఒక్క డిగ్రీల చల్లదనం హాయి. ఇరవై ఐదు దాటితే, అందులోనూ గాలిలో తేమ ఉంటే, వడదెబ్బతో ప్రాణమే పోవచ్చు. నీళ్లతో స్నానం చేయించకూడదు, అంత దట్టమైన బొచ్చు తొందరగా ఆరదు. దానికి స్నానం అంటే అగ్నిపర్వతపు బూడిదలాంటి మెత్తటి దుమ్ములో దొర్లడమే. వారానికి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు చాలు. కళ్లు బాగాలేని ముసలిదానికి ఇంకా తగ్గించాలి.

మందుల్లో కూడా పడనివి ఉన్నాయి. మనం ఇంట్లో సులువుగా వాడేసే అమాక్సిసిలిన్ లాంటి మందులు నోటిద్వారా ఇస్తే, కడుపులో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోయి చించిల్లా ప్రాణానికే ముప్పు వస్తుంది. పిల్లలకు మిగిలిన సీసాలోది రెండు చుక్కలు వేస్తే పోలా అనుకోవద్దు. మంచి ఉద్దేశంతో విషం ఇచ్చినా అది విషంగానే పనిచేస్తుంది.

పంజరం కూడా వయసుకు తగ్గట్టు మారాలి. చిన్నప్పుడు మూడడుగులు ఎగిరే ప్రాణి ముసలితనంలో కాలు జారి పడుతుంది. అరలు కిందికి దించాలి, వాలుగా పలక పెట్టాలి, కింద ఇనుప వల ఉంటే మెత్తటి బట్ట పరచాలి. లేకపోతే పాదాలు పుళ్లు పడతాయి. గడ్డి, నీళ్లు కిందే అందేలా ఉంచాలి. ఇంట్లో అమ్మమ్మ కోసం మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ వేయిస్తాం కదా, ఇదీ అంతే.

మూడోది, ఏదో వస్తుందని కాక మైత్రితో సేవ చేయడం. కుక్క తోక ఊపుతుంది, చిలుక పేరు పెట్టి పిలుస్తుంది. ముసలి చించిల్లా ఏమీ చేయకపోవచ్చు. మనుషుల చేతుల్లో దెబ్బతిన్నదైతే మీ చేతికి దొరక్కపోవచ్చు కూడా. గట్టిగా పట్టుకుంటే భయంతో బొచ్చు కుచ్చుకుచ్చే వదిలేసి పారిపోతుంది. ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగుదామని తెచ్చుకున్నవాళ్లకు నెల తిరక్కుండానే విసుగు వస్తుంది. సాయంత్రం పూట పంజరం పక్కన ఊరికే కూర్చోండి. చేయి చాపి కదలకుండా ఉంచండి. అది రావచ్చు, రాకపోవచ్చు. మైత్రి భావన అని కళ్లు మూసుకుని చేస్తున్నామే, కళ్లు తెరిచి చేసే మైత్రి భావన ఇది. బాబాసాహెబ్ అంబేడ్కర్ "బుద్ధుడు, ఆయన ధమ్మం"లో కరుణ మనుషుల వరకు ఉంటుందనీ, మైత్రి ప్రాణులన్నింటికీ చెందుతుందనీ వివరించారు. ఇచ్చిపుచ్చుకోవడం లేని చోటే మన మైత్రి ఎంత లోతుందో తెలుస్తుంది.

నాలుగోది, అసహ్యించుకోకపోవడం. మలం, మూత్రం, ఉమ్మి, వాంతి ఎత్తిపోయడానికి వెనకాడనివాడే సేవకుడు అని బుద్ధుడు దాచుకోకుండా చెప్పాడు. చించిల్లా శుభ్రమైన ప్రాణే, వాసన పెద్దగా ఉండదు. కానీ పళ్లు పాడైనప్పుడు చొంగ కారి గడ్డం, ముందుకాళ్లు తడిసి ముద్దవుతాయి. కంట్లోంచి నీళ్లు కారతాయి. వాటిని తుడవాలి. ఇంకో సంగతి: దాని పెంటికలను రోజూ చూడాలి. చిన్నవైపోయినా, తగ్గిపోయినా కడుపు నడవడం లేదని అర్థం. మనం చీపురుతో ఊడ్చిపారేసేదే దాని ఆరోగ్యం సంగతి చెప్పే ఉత్తరం.

బుద్ధుడు సేవకుడి గుణాలతోపాటు రోగికి ఉండవలసిన గుణాలు కూడా చెప్పాడు. వాటిలో ఒకటి, తన బాధ ఎలా ఉందో సేవకుడికి ఉన్నదున్నట్టు చెప్పడం. చించిల్లా చెప్పదు. పైగా దాస్తుంది. గద్దలకూ నక్కలకూ ఆహారమయ్యే జాతి కాబట్టి, నీరసం బయటపెడితే ప్రాణం పోతుందన్న భయం దాని నెత్తుట్లోనే ఉంది. మనకు కనిపించేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అందుకే రోగి చెప్పవలసింది కూడా సేవకుడే కనిపెట్టాలి. వంటింటి కాటా మీద వారం వారం తూచి, గ్రాముల్లో రాసిపెట్టుకోండి. వరసగా రెండు మూడు వారాలు బరువు తగ్గితే, బయటికి బాగానే కనిపిస్తున్నా డాక్టరుకు చూపించాలి. ఒక పూటంతా ఏమీ తినకపోతే తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. స్మృతి అంటే ఏమిటని అడిగేవాళ్లకు నేను ఇదే చెబుతాను. ఉన్నదాన్ని ఉన్నట్టు, మన ఇష్టం కలపకుండా, రోజూ చూడటం. ఆ గ్రాముల పుస్తకం కూడా ఒక స్మృత్యుపస్థానమే.

ఐదోది, రోగికి అప్పుడప్పుడు ధమ్మం చెప్పి ఊరట ఇవ్వడం. చించిల్లాకు ధమ్మం ఎలా చెబుతాం అని నవ్వుకోకండి. మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమవుతుంది. ఆ ఇంట్లో అరుపులు లేకపోతే, టీవీ మోత లేకపోతే, రోజూ ఒకే వేళకు గడ్డి వస్తే, అదే దానికి ఊరట. దానితోపాటు ఇంకో ముసలి తోడు ఉంటే ఇద్దరినీ విడదీయకుండా తెచ్చుకోవడం కూడా ఊరటే. ఇంతకీ ఈ ఐదో గుణంలో ధమ్మం వినేది ఎక్కువగా మనమే. వృద్ధాప్యం నాకూ తప్పదు, రోగం నాకూ తప్పదు, మరణం నాకూ తప్పదు, ప్రియమైనవన్నీ నన్ను వదిలిపోతాయి, నా కర్మకు నేనే వారసుణ్ణి అని గృహస్థులు కూడా తరచూ మననం చేసుకోవాలని బుద్ధుడు చెప్పిన ఐదు సంగతులు ఉన్నాయి కదా. వాటిలో మొదటి నాలుగూ మన ఇంట్లోనే, అరకిలో ఒంటితో, కళ్లముందు కూర్చుని ఉంటాయి.

పిల్లలు ఏడుస్తారు కదా?

ఇప్పుడు ఆ ఉపాసిక ఇంటాయన అడిగిన దగ్గరికి వద్దాం. అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. పిల్లల మీద ప్రేమతో అన్న మాటే.

సిద్ధార్థుడి తండ్రి కూడా అలాగే అనుకున్నాడని మన సంప్రదాయంలో కథ ఉంది. కొడుక్కి ముసలితనం కనిపించకూడదు, రోగం కనిపించకూడదు, శవం కనిపించకూడదు. ఎన్ని గోడలు కట్టినా ఒకరోజు కనిపించాయి. ఎవరూ ఏమీ చెప్పకుండా ఒక్కసారిగా కనిపించాయి. పిల్లల్ని ఏడుపు నుంచి తప్పించలేం. ఏడుపు వచ్చినప్పుడు పక్కన కూర్చోగలం, అంతే. ముందే చెప్పి తెచ్చుకోండి: "ఇది ముసలిది నాన్నా, మన దగ్గర ఏడాది ఉంటుందో, ఐదేళ్లు ఉంటుందో. ఉన్నన్నాళ్లూ హాయిగా చూసుకుందాం." అనిత్యం అనే మాటను పిల్లలకు ఇంతకంటే నెమ్మదిగా నేర్పే దారి నాకు తెలియదు. అయితే ఒక జాగ్రత్త. సేవ బాధ్యత పెద్దవాళ్లదే. పిల్లల చేతిలో పెట్టి మరిచిపోతే, వదిలేసిన మొదటి ఇంటికీ మన ఇంటికీ తేడా ఉండదు.

మైత్రికి దగ్గరి శత్రువు మమకారం అని విసుద్ధిమగ్గంలో బుద్ధఘోషుడు వివరించాడు. చూడటానికి మైత్రిలాగే ఉంటుంది కనుక పక్కన చేరినా గుర్తుపట్టలేం. అలాగే ఉపేక్షకు దగ్గరి శత్రువు పట్టనితనం. ముసలి ప్రాణిని పెంచే ఇంట్లో ఈ రెండు శత్రువులూ తప్పకుండా తలుపు తడతాయి. మమకారం "దీన్ని పోనివ్వను" అంటుంది. పట్టనితనం "పోయేదే కదా, ఈ ఖర్చెందుకు" అంటుంది. మైత్రి మాత్రం "ఇవాళ దీనికి ఏది హాయి?" అని అడుగుతుంది.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న వస్తుంది. ఆ దేశాల్లో జబ్బు ముదిరితే, బాధ పడకుండా సూదితో ప్రాణం తీసేద్దామా అని డాక్టర్లు అడుగుతారు. వాళ్లు దయతోనే అడుగుతారు. ధమ్మం ఏమంటుంది? ప్రాణాతిపాతం కావడానికి ఐదు అంగాలు చెబుతారు: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపాలన్న సంకల్పం ఉండాలి, ప్రయత్నం జరగాలి, ప్రాణం పోవాలి. జాలితో చేసినా ఈ ఐదూ ఉంటాయి. కాబట్టి మొదటి శీలం తీసుకున్నవాళ్లు ఆ దారికి వెళ్లకుండా ఉండటానికే చివరిదాకా ప్రయత్నించాలని నేను చెబుతాను. కానీ చంపకపోవడం అంటే బాధలో వదిలేయడం కాదు. నొప్పి తగ్గించే మందు డాక్టరును అడిగి ఇప్పించాలి. నయం కాని జబ్బుకు పదే పదే కోతలు కోయించి హింసపెట్టనక్కర్లేదు. చల్లటి చీకటి మూల, మెత్తటి పరుపు, ఒక పక్కన మనిషి ఉండాలి. ఇది ఖర్చుతో, నిద్రతో, ఓపికతో కూడిన పని. శీలం తేలికని ఎవరూ చెప్పలేదు. ఇక, ఆ ప్రాణి విలవిల్లాడుతుంటే చూడలేక సూదికి ఒప్పుకున్నవాళ్లు మనలో ఉంటే, వాళ్లను వేలెత్తి చూపించే హక్కు మనకు లేదు. ఈ విషయంలో బౌద్ధ సంప్రదాయాల ఆచార్యులందరూ ఒకేలా మాట్లాడరు కూడా. వాళ్లు మళ్లీ శీలం తీసుకుని, ఆ ప్రాణి పేరు మీద దానం చేసి, పుణ్యాన్ని దానికి పంచి, ముందుకు నడవాలి.

మరి మన ఊళ్లో?

ఇది చదివి హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరైనా చించిల్లా కోసం వెతికితే నా మాట వృథా అయినట్టే. మన వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆండీస్ చలికి పుట్టిన ప్రాణిని మే నెల ఎండలోకి తేవడం ముచ్చట కాదు, హింస. ఏది పడుతుందో ఏది పడదో తెలియాలన్న రెండో గుణం ఇక్కడే మొదలవుతుంది. కొన్నిసార్లు ఒక ప్రాణికి మనం చేయగలిగే గొప్ప సేవ దాన్ని కోరుకోకపోవడమే.

సేవ చేయడానికి మనకు కరువు లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లండి. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. రెండో శిలాశాసనంలో ఆయన తన రాజ్యంలోనూ పొరుగు రాజ్యాల్లోనూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేయించానని చెప్పుకున్నాడు. మనుషులకు వైద్యం, జంతువులకు వైద్యం. రెంటికీ పనికొచ్చే మూలికలు లేనిచోట తెప్పించి నాటించాడు, దారుల వెంట బావులు తవ్వించాడు. రెండువేల రెండువందల ఏళ్లకు పైగా ఆ మాట మన తెలుగు నేల మీద రాతిలో ఉంది. దాన్ని చదవడానికి బ్రాహ్మీ లిపి రానక్కర్లేదు. అరక దున్ని దున్ని మోకాళ్లు పోయిన ఎద్దును కటికవాడికి అప్పగించకుండా కొట్టంలో నాలుగు గడ్డిపరకలు వేసి ఉంచిన రైతు దాన్ని చదివినట్టే. కుక్కపిల్లలకోసం ఎగబడే చోట, కళ్లు మసకబడిన ముసలి కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాడు చదివినట్టే. రోజుకోసారి మామగారి పక్కబట్టలు మార్చే కోడలు ఎప్పుడో చదివేసింది, ఆమెకు మనం చెప్పేదేమీ లేదు.

కాబట్టి ధమ్మ బంధువులారా, ఈ పౌర్ణమికి ఉపోసథం పాటించేటప్పుడు ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో, ఎవరికీ పనికిరాదని పక్కన పెట్టిన ప్రాణి ఏదుందో చూడండి. మనిషి కావచ్చు, పశువు కావచ్చు. దానికి ఏది పడుతుందో తెలుసుకోండి. వారం రోజులు, ఏదీ ఆశించకుండా, అసహ్యించుకోకుండా ఒక పూట సేవ చేయండి. ఆ వారంలో మనసు ఎక్కడెక్కడ విసుక్కుందో, ఎక్కడ లెక్కలు వేసిందో గమనించుకోండి. నీళ్లు పోసింది బుద్ధుడు, కడిగింది ఆనందుడు. ఆ చెంబు ఇంకా అక్కడే ఉంది, ఎవరైనా ఎత్తుకోవచ్చు.

ఈ ధమ్మ ప్రసంగం వల్ల కలిగిన పుణ్యం ఆండీస్ కొండల్లో ఉన్న ప్రాణులకూ, పంజరాల్లో ఉన్న ప్రాణులకూ, మన వాకిట్లో ఉన్న ప్రాణులకూ చెందుగాక. ముసలివాటికి నీడ, రోగులకు మందు, భయపడ్డవాటికి అభయం దొరుకుగాక.

సాధు! సాధు! సాధు!